ఏబెల్ 401, ఏబెల్ 399 గుచ్ఛాల నడుమ వేడి వాయువు: ఒక ఎక్స్-కిరణ ప్రాజెక్టు డైరీ

జూన్, మొదటి వారం

ఈ ప్రాజెక్టులో తేల్చుకోవలసిన ప్రశ్న ఒక్కటే. ఏబెల్ 401, ఏబెల్ 399 అనే రెండు గెలాక్సీ గుచ్ఛాల నడుమ ఎక్స్-కిరణ చిత్రాలలో ఒక మసక వెలుగు కనిపిస్తుంది. అది ఆ రెండింటి అంచులు మన చూపు దిశలో ఒకదానిపై ఒకటి పడటం వల్ల ఏర్పడినదేనా, లేక అంచుల లెక్కకు మించిన వాయువు అక్కడ నిజంగా ఉన్నదా? కొత్త ఆవిష్కారం ఏదో జరుగుతుందని ఆశించడం లేదు. రోశాట్ ఎక్స్-కిరణ ఉపగ్రహం కాలం నాటికే ఈ జంట పరిశోధకుల దృష్టిలో ఉంది. ప్లాంక్ ఉపగ్రహం సూక్ష్మతరంగాలలో గుచ్ఛాల నడిమి ఈ వాయువును, అంటే వారధిని, గుర్తించిన ఫలితాలు 2013లో అచ్చయ్యాయి. 2019లో లోఫార్ రేడియో దూరదర్శిని 140 మెగాహెర్ట్జ్ వద్ద రెండు గుచ్ఛాలనూ కలిపే రేడియో ఉద్గారాన్ని చూపింది. అయినా, అందరికీ అందుబాటులో ఉన్న భాండాగారం నుంచి ముడి డేటాను తీసుకుని, మొదటి మెట్టు నుంచీ స్వయంగా నడిచి చూస్తే ఆ నిర్ధారణ ఏ ఆధారాల మీద నిలిచి ఉందో, అందులో ఏ భాగం గట్టిదో, ఏ భాగం సున్నితమైనదో తెలుస్తుందన్నది నా ఉద్దేశం.

లక్ష్యాన్ని ఎంచుకోవడానికి ముందు మరి రెండు ప్రాంతాలను పరిశీలించాను. షేప్లీ మహాగుచ్ఛం (అనేక గుచ్ఛాల సమూహం) దగ్గరలోనే ఉంది, గుచ్ఛాలు కిక్కిరిసి ఉన్నాయి. కానీ అది ఆకాశంలో అనేక డిగ్రీల మేర పరచుకుని ఉండటం వల్ల లెక్కలేనన్ని పరిశీలనలను అతికించవలసి వస్తుంది. 2017లో భారతీయ ఖగోళ శాస్త్రవేత్తలు ప్రకటించిన సరస్వతి మహాగుచ్ఛం మనసును లాగింది గానీ, దాని రెడ్‌షిఫ్ట్ (కాంతి తరంగదైర్ఘ్యం సాగిన నిష్పత్తి; ఎంత ఎక్కువైతే వస్తువు అంత దూరం) సుమారు 0.28. విశ్వవ్యాకోచం వల్ల విశాలమైన వస్తువుల ఉపరితల ప్రకాశం, రెడ్‌షిఫ్ట్‌కు ఒకటి కలిపి నాలుగో ఘాతం తీసినంత మేర తగ్గిపోతుంది. ఆ లెక్కన ఒకే వాయువు సరస్వతి దూరంలో ఉన్నప్పుడు, ఏబెల్ 401 దూరంలో కనిపించే దానిలో సగం ప్రకాశంతోనే కనిపిస్తుంది. మసక వెలుగును వెదకబోయేవారికి ఇది చిన్న నష్టం కాదు.

ఏబెల్ 401 రెడ్‌షిఫ్ట్ 0.0737, ఏబెల్ 399 రెడ్‌షిఫ్ట్ 0.0718. రెండూ మేషరాశిలో, మనకు సుమారు 100 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి. ఆకాశంలో వాటి కేంద్రాల మధ్య ఎడం సుమారు 36 ఆర్క్‌మినిట్లు (ఆర్క్‌మినిట్ డిగ్రీలో అరవయ్యో వంతు), అంటే నిండు చంద్రుడి వెడల్పు కంటే కొంచెం ఎక్కువ. ఆ దూరంలో ఒక ఆర్క్‌మినిట్ సుమారు 83 కిలోపార్సెక్‌లకు సమానం కనుక, ఆకాశతలం మీద ఆ రెండింటి ఎడం దాదాపు 3 మెగాపార్సెక్‌లు, అంటే సుమారు కోటి కాంతి సంవత్సరాలు. నేను వాడే డేటా ఎక్స్‌ఎంఎం-న్యూటన్ అనే ఎక్స్-కిరణ ఉపగ్రహానిది. దాని దృష్టిక్షేత్రం వ్యాసం 30 ఆర్క్‌మినిట్లే కాబట్టి ఒక్క చిత్రంలో రెండు కేంద్రాలూ పట్టవు. గుచ్ఛాలను, నడిమి ప్రాంతాన్ని వేరువేరుగా గురిపెట్టి తీసిన పరిశీలనలను కలిపి చూడాలి.

జూన్, చివరి వారం

డేటా దిగుమతి అయింది. ఎక్స్‌ఎంఎం-న్యూటన్ 1999 డిసెంబరు 10న కక్ష్యలోకి వెళ్ళింది. ఈ జంటను అది పరిశీలించింది తొలి సంవత్సరాలలోనే. అందులో ఒక సౌకర్యం ఉంది. ఉపగ్రహంలో ఎంఓఎస్-1, ఎంఓఎస్-2, పీఎన్ అని మూడు ఎక్స్-కిరణ కెమెరాలున్నాయి. ఎంఓఎస్-1 కెమెరాలోని ఆరో సీసీడీ (కాంతిని నమోదు చేసే చిప్) 2005 మార్చి 9న పనిచేయడం మానేసింది, 2012 చివర్లో మూడోది కూడా పోయింది. మన పరిశీలనలు అంతకు ముందువి కనుక ఏడు సీసీడీలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. అయితే ఎంఓఎస్ కెమెరాలలో కొన్ని సీసీడీలు అప్పుడప్పుడూ ఒక అసాధారణ స్థితిలోకి జారి, ఒక కిలో ఎలక్ట్రాన్ వోల్టుకు (ఎక్స్-కిరణాల శక్తికి కొలమానం) దిగువన నేపథ్యాన్ని, అంటే లక్ష్యం నుంచి కాక ఇతరత్రా వచ్చే సంకేతాన్ని, పెంచి చూపిస్తాయి. అందుకని ఒక్కొక్క సీసీడీ మూలలో (కార్నర్‌లో) నమోదైన తాకిళ్ళ సంఖ్యను, అంటే గణనలను, విడిగా చూసి, అనుమానం ఉన్నవాటిని పక్కన పెట్టాను.

తరువాతి పని ప్రోటాన్ జ్వాలలను ఏరివేయడం. ఉపగ్రహం భూమి చుట్టూ సుమారు 48 గంటలకొకసారి తిరిగే దీర్ఘవృత్త కక్ష్యలో ఉంటుంది. అక్కడ తిరిగే తక్కువ శక్తి గల ప్రోటాన్లు దర్పణాల మీదుగా జారి నేరుగా సీసీడీల మీద పడతాయి. 2.5 నుంచి 8.5 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల మధ్య గణనల రేటును కాలక్రమంలో గీసి, ప్రశాంతంగా ఉన్న కాలం చుట్టూ గంట ఆకారపు గాసియన్ వక్రాన్ని పొదిగి, అంటే డేటాకు సరిపోయేలా అమర్చి, దానికి దూరంగా ఎగసిన భాగాలను తొలగించాలి. పైకెగసిన శిఖరాలు పోయిన తరువాత కూడా, చదునుగా కనిపించే భాగంలో ప్రోటాన్లు అణిగిమణిగి ఉండవచ్చు. అది తెలుసుకోవడానికి 10 నుంచి 12 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల మధ్య, దృష్టిక్షేత్రం లోపలి గణనల రేటును డిటెక్టర్ మూలలలోని రేటుతో పోల్చాలి. మూలలలోకి ఆకాశం నుంచి ఏదీ రాదు కాబట్టి, ఆ నిష్పత్తి ఒకటికి దగ్గరగా ఉంటే లోపల ప్రోటాన్లు మిగలలేదని అర్థం. మన పరిశీలనలలో పీఎన్ కెమెరా నిష్పత్తి నాకు పూర్తిగా తృప్తినివ్వలేదు. అందువల్ల వర్ణపటం (శక్తిని బట్టి గణనల పంపిణీ) పొదిగేటప్పుడు దానికి ఒక అదనపు ఘాత నియమాన్ని (శక్తి ఘాతాన్ని అనుసరించి మారే వక్రాన్ని) చేర్చవలసి ఉంటుందని రాసి పెట్టుకున్నాను.

జూలై

ఈ నెల అంతా నేపథ్యం మీదే గడిచింది. అందుకు చింతించడం లేదు. గుచ్ఛాల కేంద్రాలలో నేపథ్యం ఎలా ఉన్నా పెద్ద తేడా రాదు, అక్కడ సంకేతమే మిక్కిలి బలంగా ఉంటుంది. నడిమి ప్రాంతంలో మాత్రం 5 కిలో ఎలక్ట్రాన్ వోల్టులకు పైన వచ్చే గణనలలో సింహభాగం ఉపగ్రహం సొంత కణ నేపథ్యమే. అందుచేత వారధి ఉష్ణోగ్రత గురించి ఏమి చెప్పినా, ముందు నేపథ్యం గురించి చెప్పినట్టే.

కణ నేపథ్యాన్ని అంచనా వేయడానికి, కెమెరా ముందున్న ఫిల్టర్ చక్రాన్ని మూసి ఉంచి తీసిన డేటాను వాడాను. దానిని మూలలలోని గణనలకు సరిపడేలా హెచ్చించి లేదా తగ్గించి తీసివేయాలి. అంతటితో పని పూర్తి కాదు. కణాలు కెమెరా లోహపు భాగాలను తాకినప్పుడు ఆ లోహాల సొంత రేఖలు వెలువడతాయి: రెండు రకాల కెమెరాలలోనూ అల్యూమినియం రేఖ 1.49 వద్ద, ఎంఓఎస్‌లో సిలికాన్ రేఖ 1.74 వద్ద, పీఎన్‌లో రాగి రేఖ 8.05 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద. ఇవి కాలాన్ని బట్టి, డిటెక్టర్ మీది చోటును బట్టి మారుతుంటాయి కాబట్టి తీసివేతకు లొంగవు. వాటిని నమూనాలో రేఖలుగానే చేర్చి పొదగడం మేలు. వీటిని గుర్తించడానికి ఒక తేలికైన ఆనవాలు ఉంది. గుచ్ఛపు వాయువులోని ఇనుము 6.7 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద వెలువరించే రేఖ రెడ్‌షిఫ్ట్ వల్ల మనకు 6.24 దగ్గర కనిపిస్తుంది. కెమెరా లోహపు రేఖలు మాత్రం ప్రయోగశాలలో ఉండే స్థానం నుంచి జరగవు. ఏబెల్ 401 కేంద్రపు వర్ణపటాన్ని తెరమీద పెట్టినప్పుడు 6.24 వద్ద ఇనుప రేఖ నిటారుగా నిలిచి ఉండటం, 8.05 వద్ద రాగి రేఖ తన చోటనే ఉండటం పక్కపక్కనే చూడవచ్చు. ఆ ఒక్క చిత్రం శక్తి క్రమాంకనం సరిగా ఉందని కూడా నిర్ధారించింది.

ఆకాశపు నేపథ్యం మరో రకం. మన చుట్టూ ఉన్న స్థానిక వేడి బుడగ నుంచి సుమారు 0.1 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (వాయువు ఉష్ణోగ్రతనూ ఈ శక్తి కొలమానంలోనే చెబుతారు) వాయువు, పాలపుంత పరివేషం నుంచి 0.2 కు కాస్త అటూ ఇటూగా మరో వాయువు, దూరంగా ఉన్న లెక్కలేనన్ని క్రియాశీల గెలాక్సీల నుంచి 1.4 ఘాతాంకం గల ఘాత నియమం. ఈ మూడింటినీ కలిపి పొదగాలి. మొదటిది మనకు, పాలపుంత హైడ్రోజన్‌కు మధ్యలోనే ఉంటుంది గనుక దానికి శోషణ వర్తించదు, మిగిలిన రెండింటికీ వర్తిస్తుంది. ఈ దిశలో హైడ్రోజన్ స్తంభ సాంద్రత, అంటే మన చూపు దారి పొడవునా ఉన్న పరమాణువుల మొత్తం, చదరపు సెంటీమీటరుకు సుమారు 10²¹ పరమాణువులు, అంటే ఎక్కువే. ఒక కిలో ఎలక్ట్రాన్ వోల్టు కంటే దిగువన గుచ్ఛపు కాంతిని అది గట్టిగానే మింగేస్తుంది. గుచ్ఛాలకు దూరంగా ఉన్న వలయం నుంచి రోశాట్ సర్వే వర్ణపటాన్ని తీసుకుని, దానిని కూడా ఏకకాలంలో పొదిగితే ఈ మూడు భాగాలూ అదుపులో ఉంటాయి. దానిని వదిలేస్తే, పరివేషం ఉష్ణోగ్రత, వారధి ఉష్ణోగ్రత ఒకదాని లోటును మరొకటి పూడ్చుకుంటూ తిరుగుతాయి.

బిందు మూలాలను (చుక్కల్లా కనిపించే విడి ఎక్స్-కిరణ వస్తువులను) ముసుగు వేసి తొలగించడం వేగంగా అయిపోయింది.

ఆగస్టు

ఇక చిత్రాలు. ఎక్స్‌పోజర్ పటంతో (ఏ చోటును ఎంతసేపు చూశామో చూపే పటం) భాగించి, దర్పణాల అంచు వైపు కాంతి తగ్గుదలను సరిచేసి అతికించిన చిత్రంలో, అంటే మొజాయిక్‌లో, రెండు గుచ్ఛాలూ, వాటి నడుమ పలుచని వెలుగూ కనిపించాయి. అయితే కంటికి కనిపించిందని ఒప్పుకోవడానికి వీలు లేదు. ఒక్కొక్క గుచ్ఛపు వెలుగూ కేంద్రం నుంచి దూరం పోయే కొద్దీ క్రమంగా తగ్గుతుంది గానీ ఎక్కడా ఠక్కున ఆగదు. రెండు తోకలు కలిసిన చోట వెలుగు పెరగడం సహజం.

కవలియరే, ఫుస్కో-ఫెమియానో 1976లో ప్రతిపాదించిన బీటా నమూనాను, అంటే కేంద్రం నుంచి వెలుగు తగ్గే తీరును వర్ణించే సూత్రాన్ని, ఇందుకు వాడాను. ప్రతి గుచ్ఛానికీ కేంద్ర ప్రకాశం, కోర్ వ్యాసార్థం, బీటా అనే వాలు గుణకం అనే మూడు రాశులుంటాయి. బీటా సాధారణంగా మూడింట రెండు వంతుల దగ్గర ఉంటుంది. ఇక్కడ తీసుకున్న నిర్ణయం ఒకటి ఫలితాన్ని శాసిస్తుంది: ఏ భాగం మీద నమూనాను పొదగాలి? వలయాలన్నింటినీ పూర్తిగా వాడితే, వారధి వెలుగు కూడా గుచ్ఛం వాలులో కలిసిపోయి, బీటా కాస్త తగ్గి, చివరికి అదనం ఏమీ మిగలదు. అంటే వెదుకుతున్న వస్తువును నమూనాయే మింగేస్తుంది. అందుకని ఏబెల్ 401కు ఈశాన్య భాగాన్ని, ఏబెల్ 399కు నైరుతి భాగాన్ని, అంటే ఒకదానికొకటి వీపు తిప్పిన సగాలను మాత్రమే పొదిగి, ఆ వక్రాలను అవతలి వైపుకు పొడిగించి, రెండింటి మొత్తాన్ని మొజాయిక్ నుంచి తీసివేశాను.

నడుమ వెలుగు మిగిలింది. రెండు తోకల మొత్తం అక్కడి ప్రకాశాన్ని పూర్తిగా వివరించడం లేదు. దీని మీద నాకున్న అభ్యంతరాలను నేనే లేవనెత్తుకోవలసి వచ్చింది. ఏబెల్ 401 గుండ్రంగా లేదు, ఈశాన్య నైరుతి దిశలో సాగి ఉంది. గుండ్రటి నమూనా తీసివేస్తే ఆ సాగిన భాగమే అదనంగా కనిపించవచ్చు. అందువల్ల దీర్ఘవృత్త నమూనాతో మళ్ళీ చేశాను. అదనం తగ్గింది, పోలేదు. రెండో అభ్యంతరం దర్పణాలది: దృష్టిక్షేత్రానికి వెలుపల ఉన్న ప్రకాశవంతమైన మూలం నుంచి ఒక్కసారే పరావర్తనం చెందిన కాంతి లోపలికి చొరబడగలదు. నడిమి ప్రాంతాన్ని గురిపెట్టినప్పుడు రెండు గుచ్ఛాల కేంద్రాలూ సుమారు 18 ఆర్క్‌మినిట్ల దూరంలో, దృష్టిక్షేత్రపు గడప దాటిన చోటనే ఉంటాయి. ఇలా చొరబడే కాంతి ఆయా కేంద్రాల వైపు అంచున ఎక్కువగా ఉంటుందని భావించి, అంచులను కోసి, మధ్యలోని ఇరుకైన పట్టీని మాత్రమే ఉంచాను. గణనలు చాలా పోయాయి, అయినా అదనం నిలిచే ఉంది.

సెప్టెంబరు

పట్టీ వర్ణపటాన్ని పొదగడం మొదలైంది. శోషణతో గుణించిన అపెక్ అనే వేడి వాయువు (ప్లాస్మా) వర్ణపట నమూనా, పైన చెప్పిన నేపథ్యం మూడు ముక్కలు, లోహపు రేఖలు, పీఎన్‌కు మిగులు ప్రోటాన్ల ఘాత నియమం. వర్ణపటాలను పొదిగే ఎక్స్‌స్పెక్ సాఫ్ట్‌వేర్ తెరపై రాశుల జాబితా ఒక పుటకు సరిపోనంత పెద్దది అయింది. శక్తి గళ్ళలో గణనలు తక్కువగా ఉన్నందున నమూనా డేటాకు ఎంత సరిపోయిందో కొలవడానికి కై-వర్గం బదులు కాష్ గణాంకాన్ని వాడాను. గణనలు తక్కువగా ఉన్న గళ్ళలో కై-వర్గం మసక వర్ణపటాలను క్రమబద్ధంగా ఒక పక్కకు లాగుతుంది.

ఉష్ణోగ్రత 6 నుంచి 7 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల పరిధిలో, పెద్ద దోష పట్టీలతో (అనిశ్చితి హద్దులతో) వచ్చింది. ప్లాంక్ బృందం రోశాట్ డేటాతో కలిపి ఇచ్చిన విలువ 7.1, దోషం 0.9, దానికీ దీనికీ వైరుధ్యం లేదు. కెల్విన్‌లలో చెప్పాలంటే ఇది ఏడెనిమిది కోట్ల డిగ్రీలు. తరువాత నేపథ్యాన్ని కావాలని ఐదు శాతం పెంచి, తగ్గించి పొదిగి చూశాను. సాంద్రత కదలీ కదలనట్టు ఉండిపోయింది, ఉష్ణోగ్రత మాత్రం దోష పట్టీ మొత్తం మీద అటూ ఇటూ ఊగింది. కారణం స్పష్టమే. సాంద్రత ప్రకాశపు వర్గమూలం మీద ఆధారపడుతుంది, ఆ ప్రకాశం ఎక్కువగా 2 కిలో ఎలక్ట్రాన్ వోల్టులకు దిగువన కొలవబడుతుంది. ఉష్ణోగ్రతను నిర్ణయించేది మాత్రం వర్ణపటం కుడిచివరన వంపు తిరిగే చోటు, అక్కడే కణ నేపథ్యం రాజ్యమేలుతోంది. కాబట్టి ఈ డేటాతో వారధి ఉందన్న మాటను గట్టిగా, వారధి వేడిగా ఉందన్న మాటను మెల్లగా చెప్పాలి. ప్రచురిత పట్టికలు చదివేటప్పుడు కూడా ఉష్ణోగ్రత పక్కన నేపథ్యపు దోషాన్ని కలిపారో లేదో చూసిన తరువాతే నమ్మడం మంచిదన్నది ఇప్పుడు నా అభిప్రాయం.

ఇనుము సంగతి వేరు. గుచ్ఛాల వర్ణపటాలలో రేఖ స్పష్టంగా ఉంది, పట్టీలో 6.24 దగ్గర చిన్న ఉబ్బు మాత్రమే, అదీ దోషాల లోపలే. భూమికి దగ్గరి కక్ష్యలో తిరగడం వల్ల నేపథ్యం తక్కువగా, నిలకడగా ఉండిన సుజాకు ఎక్స్-కిరణ ఉపగ్రహం డేటాతో 2008లో జపాన్ పరిశోధకులు ఇక్కడ సూర్యునిలోని లోహ పరిమాణంలో సుమారు ఐదో వంతు ఉందని చూపారు. ఈ అంకెను వాడేటప్పుడు ఏ సౌర పట్టికతో పోల్చారో గమనించాలి. 1989 నాటి ఆండర్స్, గ్రెవెస్ పట్టికలో సూర్యుని ఇనుము 2009 నాటి ఆస్‌ప్లండ్ పట్టికలో కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువ; అదే వాయువులోని అదే ఇనుము ఒక పట్టిక ప్రకారం 0.2, మరో పట్టిక ప్రకారం 0.3 అవుతుంది.

అక్టోబరు

సాంద్రత లెక్క తేలికగా కనిపించి చిక్కులో పడేసింది. ఎక్స్-కిరణ ప్రకాశం సాంద్రత వర్గాన్ని చూపు దిశలోని లోతుతో గుణించినంత ఉంటుంది. లోతు మనకు తెలియదు. వారధి మన చూపుకు అడ్డంగా పడుకున్న స్తంభాకారం అనుకుంటే, సాంద్రత ప్లాంక్ బృందం చెప్పిన ఘన సెంటీమీటరుకు సుమారు 0.00037 కు సమీపంలోనే వస్తుంది. అది మన వైపు వాలి ఉండి, లోతు నాలుగు రెట్లు అయితే సాంద్రత సగానికి పడిపోతుంది. కానీ సాంద్రతను లోతుతో గుణిస్తే వచ్చే వాయువు మొత్తం ద్రవ్యరాశి మాత్రం రెట్టింపు అవుతుంది. ఒకే ప్రకాశం నుంచి తక్కువ సాంద్రత, ఎక్కువ ద్రవ్యరాశి రెండూ ఒకేసారి వస్తాయి.

ఈ ముడిని ఎక్స్-కిరణాలు ఒంటరిగా విప్పలేవు. సునయెవ్-జెల్డోవిచ్ ప్రభావం, అంటే వేడి ఎలక్ట్రాన్లు విశ్వ నేపథ్య సూక్ష్మతరంగాలను స్వల్పంగా మార్చడం, సాంద్రత వర్గాన్ని కాక సాంద్రతనే, ఉష్ణోగ్రతతో, లోతుతో గుణించి కొలుస్తుంది. రెండు కొలతలలో సాంద్రత వేరువేరు ఘాతాలలో ఉంటుంది గనుక, ఉష్ణోగ్రత తెలిస్తే లోతు తేలుతుంది. ఈ ప్రభావాన్ని కొలిచే అటకామా కాస్మాలజీ టెలిస్కోపు, మస్టాంగ్-2 పరికరాల డేటాతో 2022లో వచ్చిన విశ్లేషణ ఈ దారిలోనే వెళ్ళి, రెండు గుచ్ఛాల మధ్య అసలు దూరం ఆకాశతలంలో కనిపించే 3 మెగాపార్సెక్‌ల కంటే అనేక రెట్లు ఎక్కువ కావచ్చని సూచించింది. నా పట్టీలోని ఎక్స్-కిరణ ప్రకాశాన్ని ప్లాంక్ సంకేతంతో జతచేస్తే లోతు ఎక్కువ వైపే మొగ్గుతోంది, కానీ ఉష్ణోగ్రతలోని ఊగిసలాట యథాతథంగా లోతులోకి ప్రవహిస్తుంది కాబట్టి ఆ అంకెను ఇక్కడ నమోదు చేయడం లేదు.

దీనిని విశ్వజాలపు, అంటే గెలాక్సీలు అల్లుకున్న మహా వలలోని, తంతువు అనవచ్చా అన్న సందేహం కూడా తీరలేదు. గుచ్ఛాలను కలిపే తంతువులలో ఉంటుందని సిద్ధాంతం చెప్పే వాయువు లక్ష నుంచి కోటి కెల్విన్‌ల మధ్యది. 2021లో ఈరోసీటా ఎక్స్-కిరణ దూరదర్శిని బృందం ఏబెల్ 3391, ఏబెల్ 3395 ప్రాంతంలో చూపిన 15 మెగాపార్సెక్‌ల పొడవైన తంతువు ఆ కోవకు చెందుతుంది. ఏడెనిమిది కోట్ల కెల్విన్‌ల వాయువు ఆ కోవలోకి రాదు. రెండు గుచ్ఛాలూ ఒకదానివైపు ఒకటి వస్తుండగా నడుమ నలిగి, సంపీడనం వల్ల వేడెక్కిన వాయువు ఇది అన్న వివరణ నాకు సబబుగా తోస్తోంది. మహాగుచ్ఛాలను ఎక్స్-కిరణాలలో చూడటంలోని పరిమితి కూడా ఇక్కడే ఉంది: ప్రకాశం సాంద్రత వర్గాన్ని అనుసరిస్తుంది కనుక దట్టమైన ముడులు, వాటి పొరుగు మాత్రమే వెలుగుతాయి, మహాగుచ్ఛంలో అత్యధిక ఘనపరిమాణాన్ని ఆక్రమించే పలుచని వాయువు చీకటిలోనే ఉండిపోతుంది.

నవంబరు, మొదటి వారం

రెండు గుచ్ఛాల రెడ్‌షిఫ్ట్‌ల తేడా సెకనుకు సుమారు 530 కిలోమీటర్ల వేగానికి సమానం. ఇనుప రేఖ స్థానంలో అది 11 ఎలక్ట్రాన్ వోల్టుల తేడా అవుతుంది. ఎక్స్‌ఎంఎం సీసీడీల విభేదన శక్తి (అవి వేరుచేసి చూపగల కనీస శక్తి తేడా) ఆ చోట 150 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉన్నందున నా వర్ణపటాలలో ఆ తేడాను వెదకడం అనవసరం. 2023 సెప్టెంబరులో కక్ష్యలోకి వెళ్ళిన ఎక్స్‌రిజమ్ ఎక్స్-కిరణ ఉపగ్రహంలోని రిజాల్వ్ పరికరానికి 5 ఎలక్ట్రాన్ వోల్టుల విభేదన ఉంది. ముందున్న కవాటం తెరుచుకోనందున అది తక్కువ శక్తి ఎక్స్-కిరణాలను చాలావరకు కోల్పోతున్నా, ఇనుప రేఖ ప్రాంతానికి ఆ లోపం తగలదు. అయితే దాని దృష్టిక్షేత్రం కేవలం 3 ఆర్క్‌మినిట్ల చదరం. వారధి వంటి మసక ప్రాంతంలో రేఖను కట్టడానికి కావలసిన గణనలు పోగుకావాలంటే చాలా దీర్ఘమైన పరిశీలన అవసరం. కేంద్రాల వాయువు వేగాలను కొలవడం మాత్రం దానికి తగిన పని.

వచ్చే విడతలో సుజాకు డేటాను తీసుకుని ఇదే పట్టీని పొదుగుతాను. దాని దర్పణాల విభేదన సుమారు రెండు ఆర్క్‌మినిట్లు, బిందు మూలాలను ముసుగు వేయడానికి అది చాలదు; అందుకని ఎక్స్‌ఎంఎం చిత్రంలో దొరికిన మూలాల స్థానాలను, ప్రకాశాలను స్థిరంగా ఉంచి, రెండు ఉపగ్రహాల వర్ణపటాలనూ ఒకే ఉష్ణోగ్రతతో కలిపి పొదగాలి. మూలాల జాబితా సిద్ధంగా ఉంది. సుజాకు సీసీడీల ప్రతిస్పందన ఫైళ్ళను (అందిన శక్తిని డిటెక్టర్ ఎలా నమోదు చేస్తుందో చెప్పేవాటిని) పరిశీలన తేదీకి అనుగుణంగా తయారు చేయడం ముందుగా జరగవలసిన పని.